దూరం నుంచి మీట నొక్కితే

గత వేసవిలో, కోతల రోజుల్లో, చింతలపూడి దగ్గర మా మామిడితోటలో కారు మొరాయించింది. మొరాయించడమంటే అసలు కదలకపోవడం కాదు. తలుపు తీసి, లోపల కూర్చుని, బ్రేకు తొక్కి బొత్తాం నొక్కితే బుద్ధిగానే స్టార్టయ్యేది. బయట చెట్టు నీడన నిలబడి తాళంచెవి మీద మీట నొక్కితే మాత్రం పలికేది కాదు. ఫోను తెరమీద బొమ్మ నొక్కినా అంతే. రిమోట్ స్టార్ట్ అంటున్నామే, ఆ సదుపాయం పోయిందన్నమాట. పోతే పోయింది, నాలుగడుగులు వేసి తలుపు తీసుకుంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. నేనూ ముందు అలాగే అనుకున్నాను. కాని ఆ చిన్న మరమ్మతు వెంట వెళ్ళగా వెళ్ళగా, అంతకు ఆరునెలల క్రితం నాటి మరో మరమ్మతు గుట్టు బయటపడింది. అది యంత్రానికి సంబంధించినది కాదు, నాకు సంబంధించినది. అందుకే ఈ టపా.

ముందుగా మాట సంగతి. రిమోట్ స్టార్ట్ కు తెలుగులో ఏమనాలని కొంత వెతుక్కున్నాను. చివరికి "దూరచాలనం" అని ఒక మాట నేనే కట్టుకుని కొన్నాళ్ళు సంబరపడ్డాను. మా తోట చూసే పెద్దాయనకు ఆ అవసరమే రాలేదు. ఆయన లెక్కలో మోటారును "వేస్తారు", "కట్టేస్తారు". దగ్గరుండి వేస్తే వెయ్యడం, ఊళ్ళో లేనివాడు వేస్తే "ఫోన్లోంచి వెయ్యడం". అంతే, పని అయిపోయింది. మాట విషయంలోనే కాదు, మరో విషయంలోనూ ఆయన నాకంటే ముందున్నాడని ఇదంతా అయ్యాక తెలిసింది. చిన్నప్పటినుంచీ నేను ఆయన్ని బాబాయి అనే పిలుస్తాను. ఆయన నన్ను "బాబూ" అంటాడు, మీరు అంటాడు. వద్దని ఎన్నిసార్లు చెప్పినా మానలేదు.

చింతలపూడి తెలియనివారికోసం రెండు ముక్కలు. పశ్చిమగోదావరి అనగానే కాలవలూ, వరిచేలూ, కొబ్బరిచెట్లూ గుర్తొస్తాయి. చింతలపూడి ఆ జిల్లాలో ఉన్నన్నాళ్ళూ ఆ బొమ్మలో ఇమడలేదు. 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన ఏలూరు జిల్లాలోకి వచ్చింది; నూజివీడు కూడా కృష్ణాజిల్లానుంచి అదే రోజున అదే జిల్లాకి వచ్చింది. జిల్లాలు కలవకముందే మామిడి మమ్మల్ని కలిపింది. రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ అటూ ఇటూ ఒకటే. మాది మెట్ట. కాలవ నీళ్ళ మీద భరోసా లేదు, బోరే దిక్కు. నేను ఉండేది హైదరాబాదులో. సూర్యాపేట, ఖమ్మం, సత్తుపల్లి మీదుగా తోటకు చేరేసరికి పూట గడుస్తుంది. నాన్న పోయాక తోట నా పేర వచ్చింది, తోట పని మాత్రం బాబాయి చేతుల్లోనే ఉండిపోయింది.

ఇక కారు. రిమోట్ స్టార్ట్ మన ఎండల కోసం పుట్టినది కాదు. దాని పుట్టిల్లు మంచు. మిన్నెసోటాలో ఉండే మా పిన్ని కొడుకు జనవరిలో కాఫీ తాగుతూ కిటికీలోంచి కారును స్టార్టు చేస్తాడు. అతను చెప్పులు తొడుక్కుని బయటికొచ్చేసరికి అద్దాల మీద మంచు కరిగి ఉంటుంది. కర్మాగారంలోనే ఈ సదుపాయం అమర్చి అమ్మిన తొలి కార్లలో 2004 మోడల్ షెవర్లే మాలిబు ఒకటి. మన దేశంలో 2019లో వెన్యూ, హెక్టర్, సెల్టోస్ లాంటి కార్లు లోపల సిమ్ము పెట్టుకుని వచ్చాక, ఫోనుతో కారుకు పనులు చెప్పడం మధ్యతరగతి ఇళ్ళకూ తెలిసింది. అక్కడ వేడి కోసం, ఇక్కడ చల్లదనం కోసం. మే నెల మధ్యాహ్నం మా తోట దగ్గర ఎండలో నిలిపిన కారులో స్టీరింగు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఎక్కేముందు పది నిమిషాలు ఏసీ తిరగడం వృద్ధురాలైన మా అమ్మకు విలాసం కాదు, అవసరం. మా కారు ఏ కంపెనీదో చెప్పను, తప్పు కంపెనీది కాదు కనక.

యంత్రాన్ని లేపడం గురించి నా తొలి జ్ఞాపకం ఇదే తోటలో ఆయిల్ ఇంజను. హ్యాండిల్ గుచ్చి, ఒక చేత్తో పైనున్న చిన్న మీటను ఎత్తి పట్టుకుని, మరో చేత్తో గిరగిరా తిప్పి, ఊపందుకున్నాక మీట వదిలేయాలి. టప్, టప్ మని లేచేది. వదలడంలో తేడా వస్తే హ్యాండిల్ ఎదురు తన్నేది. మణికట్లు విరిగినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. కార్లకూ ఒకప్పుడు ఇదే తంతు. 1912 నాటి కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన విద్యుత్ స్టార్టరు వచ్చాకనే హ్యాండిల్ బాధ మెల్లగా తప్పింది. అప్పటినుంచీ జరిగిన అభివృద్ధిని ఒక్క వాక్యంలో చెప్పాలంటే, లేపే చేతిని యంత్రానికి దూరంగా జరుపుకుంటూ రావడం. హ్యాండిల్ నుంచి బొత్తానికి, బొత్తాన్నుంచి తాళంచెవికి, తాళంచెవినుంచి ఫోనుకి. చెయ్యి దూరం జరిగింది సరే, చేతితోబాటు కళ్ళు కూడా జరిగాయి. ఆ సంగతి మనకు తోచలేదు.

మరమ్మతుకు ఒక క్రమం ఉంది. తేలికైనది ముందు, ఖర్చయ్యేది చివర. తాళంచెవి విప్పి లోపలి బిళ్ళ బ్యాటరీ మార్చాను. 2032 రకం, 3 వోల్టులది, చింతలపూడిలో గడియారాల కొట్లో దొరికింది. గుణం కనబడలేదు. తోటలో సిగ్నలు పలచన కదా అని బండిని ఊళ్ళోకి తీసుకెళ్ళి బస్టాండు దగ్గర ఫోనుతో ప్రయత్నించాను. అదీ లేదు. ఏటేటా కట్టే చందా గడువు చూశాను, ఉంది. అప్పుడు తోచింది, ఆ ఫోనుతోనే, ఆ తాళంచెవితోనే తలుపుల తాళాలు చక్కగా పడుతున్నాయి! తాళంచెవి పంపేది రేడియో కబురు. ఫోను పంపే కబురు కంపెనీ సర్వరు చుట్టూ తిరిగి బండిలోని సిమ్ముకు చేరుతుంది. రెండు దారులూ వేరు. రెండు దారుల్లోనూ తాళం కబురు చేరుతోందంటే స్టార్టు కబురూ చేరుతున్నట్టే. అంటే లోపం దారిలో లేదు. కబురు అందుకున్నాకే బండి ఒప్పుకోవడం లేదు.

ఇలాంటి అవస్థలో ఉన్నవారెవరైనా ఈ టపా చదువుతుంటే వారికి పనికొచ్చే ముక్క ఇదే. దూరంనుంచి స్టార్టు కాని బండిలో ముందు చూడవలసింది కబురు చేరుతోందా అన్నది. చేరుతుంటే, అనుమతి ఎక్కడ ఆగిందన్నది. బండి కొన్ని షరతులు పెట్టుకుంటుంది. గేరు పార్కింగులో ఉండాలి. తలుపులన్నీ మూసి, తాళం పడి ఉండాలి. బ్రేకు మీద కాలు ఉండకూడదు. నాలుగు దీపాలూ మినుకుమినుకుమనే ప్రమాద సూచిక వెలుగుతూ ఉండకూడదు. ఇంజను హెచ్చరిక దీపం వెలిగి ఉన్నా, బ్యాటరీ బలం చాలకపోయినా కొన్ని బండ్లు ఒప్పుకోవు. వరసగా రెండుసార్లు దూరంనుంచి లేపితే, మూడోసారి మనిషి వచ్చి లోపల కూర్చోవాలనే బండ్లూ ఉన్నాయి. వీటన్నిటితోబాటు మరొకటి: బానెట్ మూసి ఉండాలి.

బానెట్ కింద వేలెడంత స్విచ్చి ఒకటి ఉంటుంది. మూత తెరిస్తే ఆ సంగతి బండికి చెబుతుంది. మూత తెరిచి ఉందంటే లోపల ఎవరిదో చెయ్యి ఉండవచ్చు. చెయ్యి ఉండవచ్చంటే దూరంనుంచి వచ్చిన ఏ ఆజ్ఞకూ లేవకూడదు. ఆ స్విచ్చి పని అంతే. ఊళ్ళోని మెకానిక్కు కుర్రాడు తోటకొచ్చి, బండి వేసి, స్టీరింగు వెనక తెర చూసి వెంటనే అడిగాడు: "ఈ మూత లేచిన బొమ్మ ఎన్నాళ్ళనుంచి వస్తోంది సార్?"

పదిహేను రోజులనుంచి వస్తోంది. నేను చూస్తూనే ఉన్నాను. మూత గట్టిగానే పడింది కదా, ఏదో చాదస్తపు దీపం అనుకున్నాను. బండి తనకు చేతనైన భాషలో రోజూ చెబుతోంది, నేను వినలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

లోపం తొందరగానే దొరికింది. కాయ మాగేసే ఎండుగడ్డి పక్కన బండి నిలపడం నా తెలివితక్కువతనం. గడ్డిలో ఎలుకలు, ఇంజనులో వెచ్చదనం. స్విచ్చికి వెళ్ళే తీగను ఎలుక కొరికేసింది. మా బండిలో ఆ తీగ తెగితే మూత తెరిచి ఉన్నట్టే లెక్క. సందేహం వస్తే "వద్దు" వైపే మొగ్గేటట్టు దాన్ని కట్టినవాడెవరో, అతనికి నమస్కారం.

ఆ నమస్కారం ఎందుకో చెబుతాను. కుర్రాడు తన నిర్ధారణ సరైనదేనని చూపించడానికి తీగ రెండు కొసలూ తాత్కాలికంగా కలిపి, మూత మూసి ఉన్నట్టు బండిని నమ్మించాడు. మూత మాత్రం ఎత్తే ఉంది. నేను చెట్టు నీడన, తాళంచెవి చేతిలో పట్టుకుని. అమ్మ నవారు మంచం మీద. బాబాయి ఆ ఎలుక చేసిన ఘనకార్యం చూద్దామని ఇంజను మీదికి వంగాడు, భుజాన తుండుగుడ్డ. "ఇప్పుడు నొక్కండి సార్" అన్నాడు కుర్రాడు పక్కకు జరిగి. నేను నొక్కాను. మూత అడ్డంగా ఉండటంతో నాకు బాబాయి కనబడలేదు. కనబడలేదు అనే కన్నా, చూడలేదు అనడం నిజం. ఇంజను లేచింది. తుండుగుడ్డ కొస తిరుగుతున్న బెల్టు వైపు జారింది. కుర్రాడు గుడ్డ పట్టుకుని లాగాడో, బాబాయే వెనక్కి గెంతాడో ఇద్దరికీ తెలియదు. ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదని రాయడానికి ఒక్క క్షణం చాలు. ఆ సాయంత్రమంతా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

కుర్రాడు తేరుకుని, "కొత్త తీగ ఎందుకు సార్, ఇలాగే కలిపి ఉంచేస్తే గొడవుండదు, మళ్ళీ ఎలుక కొట్టినా పర్వాలేదు" అన్నాడు. అతను నాకు డబ్బు మిగల్చాలనే అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా బాబాయి అందుకున్నాడు. "వద్దు నాయనా. అది వద్దన్నప్పుడు వద్దననివ్వు." కాసేపాగి, నావైపు చూడకుండా, "మోటారుకి నేనూ అదే చేశాను బాబూ. చెప్పకూడదనుకున్నాను. ఇవాళ చెప్పేస్తున్నాను" అన్నాడు.

ఇక్కడ ఆరునెలలు వెనక్కి వెళ్ళాలి.

బోరు మోటారుకు ఫోను స్టార్టరు పెట్టించింది నేను. మన పల్లెల్లో అది కొత్త సంగతేమీ కాదు. కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చిపోయే రోజుల్లో రైతు చీకట్లో చేలో పడి పోయేవాడు. పాము కరిచి కొందరు, స్టార్టరు డబ్బాలో షాకు తగిలి కొందరు ఇంటికి రాలేదు. ఆ కష్టంలోంచే కరెంటు రాగానే తనంతట తాను మోటారు వేసే ఆటోస్టార్టరు వచ్చింది, తరవాత ఫోనుతో వేసేవి వచ్చాయి. పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ తయారుచేసిన నానో గణేశ్ వాటిలో పేరున్నది. డబ్బాలో ఒక సిమ్ము ఉంటుంది. రైతు దానికి ఫోను చేస్తే లోపలి రిలే కదిలి, పచ్చ బొత్తాం నొక్కిన పనే చేస్తుంది. వీటిలో చాలావాటికి ఒక కాపలాదారు కూడా ఉంటాడు. మూడు ఫేజుల్లో ఒకటి లేకపోతే మోటారును లేవనివ్వడు. రెండు ఫేజుల మీద మోటారు వేస్తే మూలుగుతుందే తప్ప తిరగదు, చుట్టలు కాలిపోతాయి.

కార్తీకమాసంలో ఒకరోజు హైదరాబాదునుంచి ఫోను చేస్తే, ఒక ఫేజు లేదు కనక మోటారు వేయలేనని డబ్బా చిలకపలుకు పలికింది. మరునాడూ అంతే. వారమైనా అంతే. నేను నా ఇంట్లో కూర్చుని మరమ్మతు మొదలుపెట్టాను. ముందు సిమ్ము మీద అనుమానం. 2018 చివర్లో కంపెనీలు నెలకు కనీసం 35 రూపాయలైనా వేయకపోతే రావలసిన ఫోన్లు కూడా ఆపేస్తామన్నప్పుడు, చేలల్లో డబ్బాల్లో కూర్చున్న సిమ్ములు చాలా మూగబోయాయి. స్టార్టరు పాడైందనుకుని బాగుచేయించడానికి తిప్పినవాళ్ళు నాకు తెలుసు. కాని మా సిమ్ము మాట్లాడుతూనే ఉంది. అయితే తప్పు కరెంటుదే అని తీర్మానించాను. లైనుమానుకు ఫోను చేశాను. లైను బాగానే ఉందన్నాడు. నమ్మలేదు. కరెంటాఫీసుకు ఫోను చేశాను, అక్కడా అదే మాట. వాళ్ళనూ నమ్మలేదు. బాబాయిని అడిగితే "ఏమో బాబూ, కరెంటు సరిగా రావట్లేదు" అన్నాడు. ఆయన్ని మాత్రం నమ్మాను! సంక్రాంతి వెళ్ళి పిందె కట్టేదాకా అలాగే నడిచింది. ఒకరోజు "బాగైంది బాబూ" అని ఆయనే ఫోను చేశాడు. నా ఫిర్యాదుల ఫలితమేనని నలుగురితో చెప్పుకున్నాను కూడా.

ఆ రెండు నెలలూ ఆ మూడో ఫేజు బాబాయి చొక్కా జేబులో ఉంది. ఫీజు ఒకటి లాగి దాచాడు. అంతే.

ఎందుకు? మామిడి రైతులకు చెప్పనక్కర్లేదు, ఇతరులకోసం చెబుతాను. కాపుకొచ్చిన మామిడిచెట్టుకు పూతకు ముందు రెండు మూడు నెలలు నీళ్ళు పెట్టకూడదు. చెట్టు కాస్త ఎండాలి, బెట్టకు రావాలి. అప్పుడే కొమ్మ చివర పూమొగ్గ కడుతుంది. ఆ సమయంలో తడి ఇస్తే చెట్టు సుఖపడి కొత్త చిగురు వేస్తుంది, పూత మాట మరచిపోతుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్ళీ నీరు మొదలుపెట్టాలి. నాటి ఏడాదో రెండేళ్ళో అయిన మొక్కల సంగతి వేరు, వాటికి తడి కావాలి. మావి నాన్న నాటిన చెట్లు. నేను ఏం చేశానంటే, ఫోనులో వానలెప్పుడో పోయాయని చూసి, వీడియోకాల్లో వాలిన ఆకులు చూసి, జాలిపడి, రోజూ రెండు గంటలు నీళ్ళు పెట్టాలని నిశ్చయించుకున్నాను. జాలి మంచిదే, జాలికి కాలజ్ఞానం ఉండాలి.

బాబాయి నాకు చెప్పలేదా అంటే, చెప్పాడు. ఒకసారి. "ఇప్పుడు నీళ్ళెందుకు బాబూ, పూతకి ఎండాలి కదా" అన్నాడు. "చెట్లు మాడిపోతున్నాయి బాబాయ్, నేను చూసుకుంటాగా" అన్నాను. ఆయన ఊరుకున్నాడు. తెర మీద మూత బొమ్మను పదిహేను రోజులు చూసి చూడనట్టున్నవాణ్ణి, మెల్లగా అన్న ఒక్క మాటను వింటానా?

మొదట నాకు కోపం వచ్చిందని ఒప్పుకోవాలి. రెండు నెలలు అబద్ధం చెప్పాడు, నేను లైనుమాను ముందు, ఆఫీసు ముందు తెలివితక్కువవాణ్ణి అయ్యాను. కోపం చల్లారాక తెలిసింది, ఈ బాబాయే మా నాన్నతో ఎన్నోసార్లు వాదించడం నేను చూశాను. పాదులు తవ్వే విషయంలో, కొమ్మలు కొట్టే విషయంలో, కాయ అమ్మే విషయంలో. ఇద్దరూ చెట్టు మొదట్లో నిలబడి గొంతు పెంచుకునేవారు. చివరికి ఎవరో ఒకరు మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూపించేవారు, వాదం అయిపోయేది. నాన్నకు ఎదురు చెప్పగలిగినవాడు నాకు చెప్పలేకపోయాడు. నాన్న కటువైన మనిషి, నేను మెత్తనివాణ్ణి; అయినా సరే. తేడా స్వభావంలో లేదు, దూరంలో ఉంది. పక్కన నిలబడ్డవాడితో వాదించవచ్చు. ఫోన్లోంచి మోటారు వేసేవాడితో వాదించడానికి మట్టి ఎలా చూపించడం? అందుకని, మనిషి చెప్పలేని "వద్దు"ను యంత్రం చేత చెప్పించాడు. ఆ డబ్బా అబద్ధం చెప్పలేదు. ఫేజు నిజంగానే లేదు.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఇదీ. యంత్రాన్ని దూరంనుంచి లేపే సదుపాయం ఉన్నచోటల్లా, దగ్గరున్న మనిషికి దాన్ని ఆపే హక్కు ఉండాలి. ఆ హక్కు దొంగచాటుగా ఫీజు లాగి జేబులో వేసుకునేదిగా కాక, అందరికీ తెలిసిన హక్కుగా ఉండాలి. ఇది నేను కనిపెట్టిన సిద్ధాంతమేమీ కాదు. కర్మాగారాల్లో పెద్ద మోటారు పక్కన "దగ్గర - దూరం" అని ఒక మర స్విచ్చి ఉంటుంది. మోటారు దగ్గర పనిచేసేవాడు దాన్ని "దగ్గర" వైపు తిప్పితే, కంట్రోల్ రూములో ఎంత పెద్ద అధికారి నొక్కినా అది లేవదు. అమెరికాలో 1989లో వచ్చిన నిబంధనల ప్రకారం మరమ్మతుకు దిగే కార్మికుడు స్విచ్చికి తన సొంత తాళం వేసుకుని, చెవి తన దగ్గరే ఉంచుకుంటాడు. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనూ, పొరపాటున ఆన్ అయ్యే అవకాశమున్న స్విచ్చిని ఆపి ఉంచే స్థితిలో తాళం వేసే ఏర్పాటు ఉండాలని 24వ సెక్షనులో చేర్చారు. కారులో బానెట్ స్విచ్చి ఆ తాళానికి చిన్నతమ్ముడు. అది చెప్పేది ఒక్కటే మాట: "దగ్గర మనిషి ఉన్నాడు, ఆగు."

మన చేలల్లో ఆ మాట చెప్పేది ఏదీ లేదు. ఆటోస్టార్టరునే చూడండి. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న మోటార్లన్నిటికీ అదే ఉందనుకోండి. కరెంటు రాగానే అన్నీ ఒక్క క్షణాన లేస్తాయి. మోటారు లేచేటప్పుడు మామూలుగా తీసుకునే కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. అన్నీ ఒకేసారి లాగితే వోల్టేజి పడిపోతుంది, ఏదీ సరిగా లేవదు, మోటార్లూ కాలుతాయి, ట్రాన్స్‌ఫార్మరూ కాలుతుంది. కరెంటు రాలేదనుకుని డబ్బాలో చెయ్యి పెట్టినవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. తెలంగాణలో 2018 జనవరి 1నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను పదేపదే బతిమాలింది. తీయకపోతే మోటార్లు రాత్రింబవళ్ళు తిరిగి బోర్లు ఎండుతాయని. 2004లో ఉచిత కరెంటు వచ్చినప్పటినుంచీ మన దగ్గరా అదే బెంగ. బిల్లు లేదు, దగ్గర మనిషి లేడు. నీళ్ళు చాలు అని ఎవరు చెప్పాలి?

దీనికి ఎదురు వాదన ఉంది, అది తేలికైనది కాదు. దూరంనుంచి మోటారు వేయడం వల్ల ఎంతమంది చీకట్లో పాము కాటు తప్పించుకున్నారో మరచిపోకూడదు. ఫోను స్టార్టరు రైతుకు నిద్ర ఇచ్చింది. మా అమ్మకు కారులో చల్లదనం ఇచ్చింది. వాటిని తీసేయమని నేను అనడం లేదు. కాని ఒక తేడా గమనించండి. రాత్రి ఇంట్లో పడుకుని చేలో మోటారు వేసే రైతు పొద్దున్నే ఆ చేలోనే ఉంటాడు. తడి ఎంతదాకా పారిందో కాలితో చూసుకుంటాడు. తన దూరం ఒక రాత్రి దూరం. నాది సత్తుపల్లి అవతల, ఖమ్మం అవతల, ఇంకా అవతల. అతను దూరంనుంచి చేసేది తాను దగ్గర చేసే పనికి కొనసాగింపు. నేను దూరంనుంచి చేసేది ఆజ్ఞ. యంత్రం రెండింటినీ ఒకే మిస్సుడు కాలుగా తీసుకుంటుంది. అందుకే తేడా మనం పెట్టుకోవాలి.

మరో మాట కూడా అనవచ్చు: బాబాయి చేసింది మోసమే కదా, రేపు ఇంకొకడు ఇలాగే ఫీజు లాగి యజమానిని ముంచితే? ముంచవచ్చు. అందుకే అది జేబులో ఫీజుగా ఉండకూడదంటున్నాను. వద్దు అనడానికి బాహాటమైన దారి లేనిచోట చాటు దారి పుడుతుంది. ఆ దారి పుట్టించింది నేను.

తరవాత ఏం చేశామంటే, కారుకు కొత్త తీగ వేయించాను, స్విచ్చి దాని పని అది చేసుకుంటోంది. గడ్డికి దూరంగా నిలుపుతున్నాను. మోటారు డబ్బా పక్కన ఒక మర స్విచ్చి పెట్టించాను. ఒకవైపు తిప్పితే ఫోను పనిచేస్తుంది, రెండోవైపు తిప్పితే పనిచేయదు. దానికో తాళం, ఆ చెవి బాబాయి మొలతాడుకుంది. ఫోనుకు పనిచేయని వైపు తిప్పినప్పుడు ఎందుకు తిప్పాడో నాకు ఫోను చేసి చెప్పాలన్నది మా ఒప్పందం. ఒప్పుకోవలసిన పని నాకు లేదు, వినవలసిన పని ఉంది. ఆ స్విచ్చి బిగించిన రోజున బాబాయి దాన్ని రెండుమూడుసార్లు అటూ ఇటూ తిప్పి చూసుకుని, "దీనికంటే ఫీజే తేలిక బాబూ" అన్నాడు. నవ్వాడో లేదో తుండుగుడ్డ అడ్డం వచ్చి కనబడలేదు.

ఆ ఏడు మా రసాలు బాగా పూసి, బాగా కాశాయి. ఫీజు లాగడం వల్లే కాసిందని నేను ప్రమాణం చేయలేను. ఆ ఏడు చుట్టుపక్కల తోటలూ కాశాయి. కాని నేను నొక్కినన్ని సార్లూ మోటారు లేచి ఉంటే పూత ఏమయ్యేదో మాత్రం బాబాయికి తెలుసు. ఇప్పుడు నాకూ తెలుసు.

మీలో చాలామంది ఊరికి దూరంగా ఉంటూ, ఊళ్ళో ఇంటినో, పొలాన్నో, పెద్దవాళ్ళనో ఫోన్లోంచి నడుపుతున్నవాళ్ళే. మీరు నొక్కినప్పుడు అక్కడ ఏదైనా పలకకపోతే, సిమ్మునూ సిగ్నలునూ చూసేముందు ఒక్కమాట అడిగి చూడండి. పాడైందా అని కాదు, వద్దంటున్నారా అని.